ఇంపాక్ట్ ఫండ్ బోర్డులోకి రమ్మని పిలిస్తే ఏం చూడాలి, చైర్మన్ కుర్చీలో కూర్చుంటే ఎలా నడపాలి

మన ఒడిశాలో గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు ఈ మధ్య ఇలాంటి పిలుపులు వస్తున్నాయి. బయటి దేశం డబ్బుతో నడిచే లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఇక్కడ జీడి పిక్కల యూనిట్‌కో, కోరాపుట్ కాఫీ రైతుల కంపెనీకో, చోళ్ళ (రాగుల) మిల్లుకో పెట్టుబడి పెడుతుంది, వాళ్ళకి బోర్డులో లోకల్ మనిషి కావాలి, తెలుగూ ఒడియా రెండూ వచ్చి కాస్త లెక్క తెలిసిన వాళ్ళయితే మంచిదని రిటైరైన టీచర్నో బ్యాంకు వాళ్ళనో మహిళా సంఘం లీడర్నో అడుగుతారు. నేను గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, అలాంటి ఒక బోర్డులో తొమ్మిదేళ్ళు ఉన్నాను, అందులో ఆఖరి నాలుగేళ్ళు చైర్మన్‌గా. మొదటి రెండేళ్ళు నాకేం అర్థం కాలేదు, తల ఊపి వచ్చేసేవాణ్ణి, దానివల్ల కొందరికి నష్టం కూడా జరిగింది, అది కింద చెప్తాను. మీకు అలా జరక్కూడదనే ఇది రాస్తున్నాను.

అసలు ఈ సంస్థలు చేసేది ఏంటంటే దానం డబ్బుని అప్పుగానో వాటాగానో తిప్పడం. దాత ఇచ్చిన లక్ష పంచేస్తే అక్కడితో అయిపోతుంది, అదే లక్ష ఒక చిన్న యూనిట్‌కి ఓపిగ్గా తీర్చుకునే అప్పుగా ఇస్తే నాలుగైదేళ్ళకి తిరిగొచ్చి ఇంకో ఊరికి వెళ్తుంది. దీనికి ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అన్న పేరు 2007లో ఇటలీలోని బెలాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెట్టిన మీటింగులో పుట్టింది, పని మాత్రం అంతకుముందే ఉంది, నెదర్లాండ్స్‌లో ఆయికోక్రెడిట్ 1975 నుంచి, అమెరికాలో జాక్వెలిన్ నోవోగ్రాట్జ్ పెట్టిన అక్యుమెన్ 2001 నుంచి ఇదే చేస్తున్నాయి. ఇందులో మీరు పట్టుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. మామూలు కంపెనీలో తేడా వస్తే వాటాదారు అరుస్తాడు, బ్యాంకులో అయితే డిపాజిట్ పెట్టినాయన కౌంటర్ దగ్గరికొచ్చి నిలదీస్తాడు, ఇక్కడ దాతేమో సముద్రం అవతల ఉంటాడు, అప్పు తీసుకున్నవాళ్ళు కొండ మీద ఉంటారు, ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. మధ్యలో అడిగే నోరు బోర్డుకి ఒక్కదానికే ఉంది. ఆ నోరు మూసుకుంటే ఇంక అడిగేవాడు లేడు.

ముందు చెయ్యాల్సింది: ఒప్పుకునే ముందు కాగితాలు చదవండి

ఫోన్లోనే సరే అనెయ్యకండి. నెల రోజులు టైం అడగండి, ఆ నెలలో ఈ పనులు చెయ్యండి.

సంస్థ ఏ చట్టం కింద రిజిస్టరైందో కనుక్కోండి. మన దేశంలో అయితే ట్రస్టు, 1860 చట్టం కింద సొసైటీ, లేదా 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కంపెనీ, ఈ మూడింటిలో ఒకటి. సెక్షన్ 8 కంపెనీ అయితే 100 రూపాయల ఫీజు కట్టి కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో దాని పబ్లిక్ కాగితాలు ఎవరైనా చూడొచ్చు, డైరెక్టర్లు ఎవరు, ఎవరు ఎప్పుడు మానేశారు అన్నీ ఉంటాయి. రెండేళ్ళలో ముగ్గురు డైరెక్టర్లు రాజీనామా చేశారంటే వాళ్ళలో ఒకరికైనా ఫోన్ చేసి మాట్లాడాకే మీ నిర్ణయం చెప్పండి. తల్లి సంస్థ అమెరికాలో ఉంటే వాళ్ళు ఏటా ఫారం 990 అని ఒకటి అక్కడి పన్నుల శాఖకి ఇస్తారు, అది అందరూ చదవొచ్చు, పెద్ద జీతాలు ఎవరికి ఎంతో అందులో రాసుంటుంది. నేను చేరిన మూడేళ్ళకి గానీ అది చదవలేదు, చదివాక అడగాల్సిన ప్రశ్నలు నాకు పది దొరికాయి.

డబ్బు ఏ దారిలో వస్తుందో ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీయించుకోండి. ఇది ముఖ్యం ఎందుకంటే విదేశీ విరాళం అయితే ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే దిగాలి, ఇంకో సంస్థకి దాన్ని బదిలీ చెయ్యకూడదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి చిన్న సంస్థలకి పంచే పాత పద్ధతి దానితో ఆగిపోయింది, మన జిల్లాల్లో చిన్న సంస్థలు ఎన్ని ఇబ్బంది పడ్డాయో చూసినవాళ్ళకి తెలుసు. ఇంకోటి, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 11(5) సెక్షన్ ఉండేది, చారిటీ సంస్థ తన డబ్బు ఎక్కడెక్కడ దాచుకోవచ్చో ఆ లిస్టు అందులో ఉండేది, మనకి నచ్చిన ప్రైవేటు కంపెనీలో వాటా కొనడం ఆ లిస్టులో లేదు, అలా కొంటే పన్ను మినహాయింపు పోయే ప్రమాదం ఉండేది. అందుకే చాలామంది పెట్టుబడికి వేరే కంపెనీయో, షేర్ మార్కెట్ని అదుపు చేసే సెబీ 2012 నిబంధనల కింద సామాజిక ఫండో పెట్టుకుంటారు. మీ సంస్థ ఏ దారి పట్టిందో, ఇప్పుడు కొత్త పన్ను చట్టం వచ్చాక ఆ దారి అలాగే ఉందో లేదో వాళ్ళ ఆడిటర్ నోటితోనే వినండి. మేనేజరు చెప్తే సరిపోదు.

మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు అడగండి, ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపెయ్యండి.

చేరిన మొదటి మీటింగులోనే: మీ చుట్టరికాలు చెప్పెయ్యండి

మనది చిన్న ఊరు. గుణుపురంలో జీడి వ్యాపారం అంటే మా వీధిలో నలుగురికి ఉంది, అందులో ఒకడు మా మేనల్లుడు. వాడు యూనిట్ పెద్దది చేద్దామని మా ఫండ్‌కే అప్లికేషన్ పెట్టాడు. నేను చెప్పాను, ఇది మా అక్క కొడుకుది, నేను బయట కూర్చుంటాను అని లేచి వచ్చేశాను, వరండాలో గంటసేపు కూర్చున్నాను, నేను లేచి వెళ్ళినట్టు మినిట్స్‌లో రాయించాను. వాడికి అప్పు రాలేదు, ఆ సంక్రాంతికి మా అక్క మా ఇంటికి రాలేదు, నాకు బాధగానే ఉంది గానీ అలాగే చెయ్యాలి. మీకు సంబంధం ఉన్న వ్యాపారాలు, భూములు, సంఘాలు, పార్టీ పదవులు అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, ఏటా ఏప్రిల్లో మళ్ళీ రాసివ్వండి. చైర్మన్ ముందు తనది ఇస్తే మిగతావాళ్ళు మాట్లాడకుండా ఇస్తారు.

మీటింగు నడపడం

సెక్షన్ 8 కంపెనీకి చట్ట ప్రకారం ఆరు నెలలకొకసారి బోర్డు మీటింగు పెడితే చాలు. చాలదు, డబ్బు తిప్పే సంస్థకి మూడు నెలలకొకటి ఉండాలి. కాగితాలు వారం ముందు అందాలి, ముందు రోజు రాత్రి 140 పేజీల పీడీఎఫ్ పంపితే అది చదవకూడదని పంపినట్టే, నేను చైర్మన్ అయ్యాక అలా వచ్చిన విషయాన్ని అజెండాలోంచి తీసేసేవాణ్ణి, రెండుసార్లు తీస్తే మూడోసారి టైంకి వచ్చింది. అప్పుల విషయం ఏదైనా రెండు పేజీల్లో తెలుగులోనో ఒడియాలోనో రాసివ్వమని పట్టుబట్టండి. మా బోర్డులో సంఘం తరఫున ఒకామె ఉండేది, మూడేళ్ళు నోరు తెరవలేదు, అందరూ ఆమెకి చెప్పడానికేం లేదనుకున్నారు, కాగితం తెలుగులో వచ్చిన మొదటి మీటింగులోనే "ఈ ధరకి పిక్కలు ఎక్కడ దొరుకుతాయి బాబూ, నిరుడు సంతలోనే దీనికి డబలు పలికింది" అంది. ఆ ఒక్క మాటతో ఒక తప్పుడు లెక్క ఆగిపోయింది.

విదేశం వాళ్ళతో కలిసి మీటింగు అంటే మనకి రాత్రి 8 అయితే న్యూయార్క్‌లో వేసవిలో పొద్దున్న పదిన్నర. వాళ్ళు కాఫీ తాగి ఫ్రెష్‌గా ఉంటారు, మనం అన్నం తినే టైంలో నిద్రమొహంతో ఉంటాం, వానాకాలం అయితే కరెంటూ నెట్టూ రెండూ పోతాయి. కష్టమైన విషయం అజెండాలో ముందు పెట్టండి, ఆఖర్న పెడితే అలసటలో పాసైపోతుంది. లైను తెగిపోయిన మెంబరు తిరిగి కలిసేదాకా ఓటు పెట్టకండి.

ప్రతి మీటింగు చివర పదిహేను నిమిషాలు సీఈఓనీ స్టాఫ్‌నీ బయటికి పంపించి బోర్డు ఒక్కటే మాట్లాడుకోవాలి. ప్రతిసారీ చెయ్యండి, ఏదో ఒకసారి చేస్తే ఆయన మీద ఏదో కుట్ర జరుగుతోందని అనుమానం వస్తుంది, ప్రతిసారీ ఉంటే అలవాటైపోతుంది.

లాభం లెక్క ఒకటి, మేలు లెక్క ఒకటి

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, తీరిగ్గా చదవండి.

వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ గ్రూపుకి మా సంస్థ అప్పు ఇచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పచ్చి పిక్కలు కొని దాచుకుని ఏడాదంతా కొట్టి పప్పు అమ్ముకుంటారు. అప్పు మేలో ఇచ్చారు, జూన్ నుంచి నెలనెలా సమానంగా కిస్తీ. రిపోర్టులో వసూలు 98 శాతం. నేను బ్యాంకులో పనిచేసినవాణ్ణి కదా, 98 చూడగానే సంబరపడిపోయాను, దాతలకి పంపే లెటర్లో ఆ అంకె నేనే పెద్దగా వేయించాను.

సెప్టెంబర్లో ఒకసారి వెళ్ళాను, బోర్డు మెంబరుగా మొదటిసారి అక్కడికి. రేకుల షెడ్డులో పదకొండు మంది కూర్చుని చెక్క దిమ్మ మీద పిక్క పెట్టి కొడుతున్నారు, ఒక్కొక్కరి పక్కన బూడిద చిప్ప, ఆముదం చిన్న గిన్నె. పిక్క పెంకులో ఉండే జీడి నూనె వేళ్ళకి అంటితే చర్మం కాలిపోతుంది, అందుకని ఆముదం రాసి బూడిదలో ముంచుకుంటారు, అయినా వేళ్ళ చివర్లు నల్లగా బొగ్గులా ఉన్నాయి, ఒకామెకి చూపుడు వేలు పగిలి గుడ్డ కట్టుకుంది. వానలకి పిక్కలు ఆరక సగం బస్తాలు పక్కన పెట్టేసి ఉన్నాయి, పని సగమే. మరి కిస్తీ ఎలా కడుతున్నారమ్మా అని అడిగాను. పెద్దామె ఒకామె తల ఎత్తకుండానే చెప్పింది, "ఏటి సేత్తాం బాబూ, ఒకలు తప్పితే గ్రూపు పేరు పోద్ది, సావుకారి కాడ అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి కడతన్నాం."

నూటికి నెలకి అయిదు రూపాయలు. మా తక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి వాళ్ళు ఏడాదికి 60 శాతం వడ్డీకి అప్పు చేస్తున్నారు, ఆ డబ్బే మాకు 98 శాతంగా కనపడుతోంది. పప్పుకి మంచి ధర దసరా దీపావళికి వస్తుంది, మేం జూన్ నుంచి అడుగుతున్నాం. బోర్డులో ఏడుగురం ఉండి, అందులో నేను ఇదే ఊరి పక్కవాణ్ణయ్యుండి, పిక్కలు ఎప్పుడు అమ్ముడవుతాయని ఒక్కరం అడగలేదు.

ఆ ఏడాది నుంచి కిస్తీలు మార్పించాం, దీపావళి తర్వాత రెండు వాయిదాలు, అంతే. మరుసటి మూడు నెలల రిపోర్టులో వసూలు అంకె బాగా పడిపోయింది, హెడ్డాఫీసు నుంచి ఫోన్లు వచ్చాయి, పడాలి సార్, అది నిజం అంకె అని చెప్పాను. సావుకారి అప్పు తీరడానికి వాళ్ళకి ఇంకో రెండు సీజన్లు పట్టింది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. ప్రతి బోర్డు మీటింగులో డబ్బు రిపోర్టు పక్కనే, అదే సైజులో, మేలు రిపోర్టు ఉండాలి. అందులో ఎవరికి, ఏం మారింది, ఎంత మారింది, మనం లేకపోయినా అది జరిగేదా, ఎక్కడ తేడా కొట్టే ప్రమాదం ఉంది అని ఐదు ప్రశ్నలకి జవాబుండాలి, ఈ రంగంలో అంతర్జాతీయంగా వాడే ఐదు కొలతలు కూడా దాదాపు ఇవే. వసూలు శాతం దానికి జవాబు కాదు. కస్టమర్లకే ఫోన్ చేసి అడిగే పద్ధతి ఒకటుంది, అక్యుమెన్‌లో మొదలై 2019లో 60 డెసిబెల్స్ అనే వేరే కంపెనీ అయింది, మీకు అంత ఖర్చు పెట్టే స్తోమత లేకపోతే ఇంకో జిల్లా కాలేజీ పిల్లలతో ఒక ముప్ఫై మందికి వాళ్ళ భాషలో ఫోన్ చేయించండి. లోన్ ఆఫీసర్‌తో మాత్రం చేయించకండి, ఆయనకి ఎవరూ నిజం చెప్పరు. అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ కిస్తీ కట్టడానికి ఎక్కడైనా అప్పు చేశారా. 2022 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ నిబంధన కూడా ఉంది, 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని. అది బ్యాంకులకీ ఫైనాన్స్ కంపెనీలకీ పెట్టిన రూలు, మీకు వర్తించినా వర్తించకపోయినా మీరు పాటించండి.

ఏడాదికి రెండుసార్లయినా బోర్డు మీటింగు ఊళ్ళో పెట్టండి. మన జిల్లాలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది కదా, 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి మీద మైనింగు కావాలా వద్దా అని 12 ఊళ్ళలో పల్లి సభలు (ఊరి జనమంతా కూర్చునే సభలు) పెట్టారు, ఏడు రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో, పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. అడిగితే చెప్తారు, వాళ్ళ చోటికెళ్ళి వాళ్ళ భాషలో అడగాలి. ఇంకోమాట, మనవి చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతాలు, ఒడిశా 1956 రెండో రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీ భూమి బయటివాళ్ళకి పోకూడదు, కాబట్టి అప్పుకి భూమి పట్టా తెచ్చిపెట్టమని మీ స్టాఫ్ ఎవరైనా అడుగుతున్నారేమో కనిపెట్టుకుని ఉండండి, అడుగుతుంటే ఆ రోజే ఆపించండి.

నష్టం ఎవరి మీద పడుతుందో ముందే రాసుకోండి

ఈ పనిలో కొన్ని అప్పులు మునుగుతాయి. ఏదీ మునగడం లేదంటే మీరు బ్యాంకు ఎలాగూ ఇచ్చేవాళ్ళకే ఇస్తున్నారని అర్థం. ఎన్ని రోజులు దాటితే సగం పోయినట్టు రాయాలి, ఎప్పుడు పూర్తిగా కొట్టెయ్యాలి, ఎవరి సంతకంతో, ఇది బోర్డు పాస్ చేసిన పాలసీగా ఉండాలి. అప్పులు ఇచ్చే కమిటీ, బోర్డు ఒకటే మనుషులు కాకూడదు, లేదంటే తమ పేపరు తామే దిద్దుకున్నట్టు ఉంటుంది.

డాలర్ల విషయం కూడా అడగండి. తెచ్చింది డాలర్లలో అప్పయితే, ఇచ్చింది రూపాయల్లో అయితే, రూపాయి పడిపోతే తేడా ఎవరిది? 2011లో డాలరు ఒక దశలో 45 రూపాయల దగ్గర ఉంది, 2013 ఆగస్టుకి 68 దాటింది. 1 లక్ష డాలర్లు అంటే 45 లక్షలు తెచ్చుకుని 68 లక్షలు కట్టడం, వడ్డీ కాకుండానే. ఈ రిస్కు పక్క దేశాల్లో కూడా ఇంతే, దీనికోసమే ఆమ్‌స్టర్‌డామ్‌లో టీసీఎక్స్ అనే ఫండ్ 2007లో పెట్టారు. ఆ భారం పిక్కలు కొట్టేవాళ్ళ మీద వెయ్యకుండా ఫండే మోస్తుందని అగ్రిమెంట్లో ఉందో లేదో చూడండి.

వాటా అమ్మే రోజు గురించి కొనే రోజే మాట్లాడాలి

ఇది చాలా బోర్డులు వదిలేస్తాయి. మెక్సికోలో కంపార్టమోస్ అని 1990లో ఎన్జీఓగా మొదలైంది, పేద ఆడవాళ్ళకి చిన్న అప్పులు, తర్వాత బ్యాంకయి 2007లో షేర్ మార్కెట్‌కి వెళ్ళింది, వడ్డీలు ఏడాదికి 80 శాతం పైన. ఆక్సియన్ అనే నాన్‌ప్రాఫిట్‌కి కూడా అందులో వాటా ఉంది, దానికి చాలా పెద్ద లాభం వచ్చింది, ఆ లాభం ఎవరి వడ్డీలోంచి వచ్చిందని బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు పెట్టిన మహమ్మద్ యూనస్ లాంటివాళ్ళు గట్టిగానే తప్పుపట్టారు. మనకి దగ్గర్లో చూస్తే, మెదక్ వైపు 1997లో స్వచ్ఛంద సంస్థగా మొదలై పేదలకి చిన్న అప్పులిచ్చిన (మైక్రోఫైనాన్స్) ఎస్‌కేఎస్ 2010 ఆగస్టులో ఐపీఓకి, అంటే షేర్ మార్కెట్‌కి వెళ్ళింది, అక్టోబర్లో ఉమ్మడి ఆంధ్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది, మొత్తం రంగమే కుదేలైంది. మనకి శ్రీకాకుళం, విజయనగరంలో చుట్టాలు లేని ఇల్లు ఉండదు కదా, గ్రూపు లోన్ల వాళ్ళు ఇంటి ముందు కూర్చున్న ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

అందుకే వాటా కొనే రోజే మూడు ముక్కలు రాయించండి. ఎన్నేళ్ళు ఉంటాం, ఎవరికి అమ్మం, అమ్మితే వచ్చే లాభంలో అక్కడి పనివాళ్ళకీ రైతులకీ ఎంత. మేం కాఫీ కంపెనీ ఒకదాంట్లో ముందు రైతులకే అమ్మజూపాలని రాయించాం, వాళ్ళు కొనలేకపోతేనే బయటికి.

సీఈఓ, ఆ తర్వాత మీరు

సీఈఓ పనితీరు ఏడాదికోసారి రాతపూర్వకంగా చూడండి, జీతం బోర్డే తేల్చాలి, ఆయన రేపు లేకపోతే ఎవరు చూస్తారో పేరుతో సహా ఒక కవర్లో ఉండాలి. ఆయనకి రోజూ ఫోన్ చేసి పనులు చెప్పకండి, చైర్మన్‌కి అది పెద్ద జబ్బు, నాకూ కొన్నాళ్ళు పట్టుకుంది.

మీరు కూడా ఒక తేదీ పెట్టుకోండి. మూడేళ్ళ చొప్పున రెండు టర్ములు సరిపోతాయి, నేను మూడు ఉన్నాను, అది ఎక్కువే. దిగిపోయే ఏడాది ముందే తర్వాతి చైర్మన్‌ని వైస్‌గా పక్కన కూర్చోబెట్టుకుని రెండు మీటింగులు వాళ్ళతోనే నడిపించండి. మా దాంట్లో ఆ పిక్కల ధర పట్టుకున్న సంఘం ఆమే వైస్ అయింది, మొదటి మీటింగు ఒడియాలో మొదలుపెట్టి సగంలో తెలుగులోకి వచ్చేసి నడిపేసింది.

వెళ్ళేటప్పుడు ఒక నోట్‌బుక్ అప్పజెప్పండి, అందులో ఇంకా జవాబు రాని ప్రశ్నలు, ఇబ్బందిలో ఉన్న అప్పులు, మీరు ఎవరికైనా నోటిమాటగా ఇచ్చిన హామీలు. రాజీనామా లెటర్ రాతలో ఇచ్చి రసీదు తీసుకోండి, సెక్షన్ 8 కంపెనీ అయితే మీరు మానేసినట్టు తెలిపే డీఐఆర్-12 ఫారం 30 రోజుల్లో వేశారో లేదో పోర్టల్లో చూడండి. మహారాష్ట్ర వైపు సిరొంచ, బల్లార్షా నుంచి చదివేవాళ్ళు ఉంటే మీ ట్రస్టుకి ధర్మకర్తలు మారిన 90 రోజుల్లో చారిటీ కమిషనర్ ఆఫీసులో చేంజ్ రిపోర్టు వెయ్యాలి. బ్యాంకు ఖాతా సంతకాల్లోంచి మీ పేరు తీయించారో లేదో మాత్రం ఎవరినీ నమ్మకుండా మీరే స్వయంగా బ్రాంచికి వెళ్ళి చూసుకోండి, నాది తీయడానికి ఏడు నెలలు పట్టింది.